స్టోర్స్ సరుకును ఎ, బి, సి వర్గాలు చేసి నిల్వ లెక్క తప్పకుండా చూసుకోవడం ఎలా

బోరు మోటార్లు తయారుచేసి, మరమ్మతు కూడా చేసే ఒక చిన్న యూనిట్‌లో నేను స్టోర్స్ పని నేర్చుకున్నాను. ఏటా మార్చి నెలాఖరుకు రెండు రోజులు పని ఆపి, ఉన్నవాళ్లమంతా సరుకు లెక్కకు కూర్చునేవాళ్లం. ఒక ఏడాది నలుగురు మనుషులు ఒక పూటంతా బోల్టులు, వాషర్లు లెక్కపెట్టారు. అదే ఏడాది రాగి తీగ దగ్గర రిజిస్టరులో ఉన్నదానికన్నా కాటాపై 18 కిలోలు తగ్గింది. కిలో 950 రూపాయల చొప్పున 17,100 రూపాయలు. అనుమానం వైండింగ్ చేసే కుర్రవాడి మీదికి పోయింది.

అసలు కారణం దొరకడానికి నెల పట్టింది. వైండింగ్‌లో మిగిలిన తీగ స్టోర్స్‌కు తిరిగి వచ్చినప్పుడు రీలుతో సహా తూచి, ఆ బరువంతా రాగిగానే రాసుకున్నారు. మళ్లీ పంపేటప్పుడు మాత్రం రీలు బరువు తీసేసి రాశారు. ఖాళీ రీలు సుమారు కిలో ఉంటుంది. ఏడాదిలో అలా తిరిగి వచ్చిన రీళ్లు 18. రాగి ఎక్కడికీ పోలేదు. అసలు లేని రాగి పుస్తకంలోకి ఎక్కింది.

బోల్టుల లెక్క ఎంత తప్పినా పోయేది వందో రెండు వందలో. రాగిని నెలనెలా తూచి ఉంటే రెండో రీలు దగ్గరే తప్పు బయటపడేది. ఆ కుర్రవాడు నెల రోజులు తలదించుకుని తిరగవలసి వచ్చేది కాదు. నిల్వ లెక్క సరిగా ఉండాలని నేను పట్టుబట్టడానికి డబ్బు కన్నా ఇదే పెద్ద కారణం. పుస్తకం తప్పుగా ఉన్నచోట మనుషుల మీద నిందలు పడతాయి.

ఏడాదికి ఒకసారి అన్నిటినీ లెక్కపెట్టడం కాకుండా, విలువ ఎక్కువ ఉన్న సరుకును తరచుగా, తక్కువ ఉన్నదాన్ని అరుదుగా, ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా లెక్కించే పద్ధతిని ఇక్కడ మెట్టు మెట్టుగా చెబుతాను. ఉదాహరణలన్నీ మోటారు యూనిట్‌వే. ఆటో విడిభాగాల దుకాణానికైనా, మందుల గోడౌనుకైనా, హార్డ్‌వేర్ షాపుకైనా పద్ధతి ఇదే.

దీని వెనకున్న ఆలోచన పాతది. ఇటలీ ఆర్థికవేత్త విల్‌ఫ్రెడో పరేటో 19వ శతాబ్దం చివర సంపద, ఆదాయాల పంపకాన్ని పరిశీలించి, అందులో పెద్ద భాగం కొద్దిమంది చేతుల్లోనే ఉంటోందని చూపించారు. నాణ్యత నిపుణుడు జోసెఫ్ జురాన్ ఆ సూత్రానికి పరేటో పేరు పెట్టి కర్మాగారాల్లోకి తెచ్చారు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన హెచ్. ఫోర్డ్ డికీ 1951లో దాన్ని సరుకు నిల్వలకు అన్వయించి ఎ (విలువ ఎక్కువున్నవి), బి (మధ్యవి), సి (తక్కువున్నవి) వర్గాల గురించి రాశారు. ఇప్పటికీ స్టోర్స్‌లో వాడేది ఆ మూడు అక్షరాలే.

మెట్టు 1: ముందు సరుకుల జాబితాను శుభ్రం చేయండి

ఈ మెట్టు దాటేసి నేరుగా వర్గాలకు పోవాలని అందరికీ ఉంటుంది. దాటేస్తే తర్వాత చేసినదంతా వృథా.

కంప్యూటర్‌లో ఉన్న సరుకుల జాబితాను అచ్చు తీసి ఒక పెన్సిలు పట్టుకుని కూర్చోండి. ‘బేరింగ్ 6205’, ‘బాల్ బేరింగ్ 6205’, ‘6205 బేరింగ్ కొత్తది’ అని ఒకే వస్తువు మూడు పేర్లతో కనబడుతుంది. కొన్నవాళ్లు ఒక పేరు మీద ఎక్కిస్తారు, వాడినవాళ్లు మరో పేరు మీద తీస్తారు. ఒకదాంట్లో నిల్వ పెరుగుతూ పోతుంది, ఇంకోదాంట్లో సున్నాకన్నా కిందికి పోతుంది. ఇలాంటివన్నీ కలిపి ఒక వస్తువుకు ఒకే పేరు, ఒకే కోడు ఉంచండి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. 6205 బేరింగుల్లోనే ఇనుప మూత ఉండే జెడ్‌జెడ్ రకం వేరు, రబ్బరు సీలు ఉండే 2ఆర్‌ఎస్ రకం వేరు. ఒకదాని బదులు ఇంకోటి పెట్టకూడని చోట రెండిటినీ ఒకే కోడు కింద రాస్తే మొత్తం సరిపోతుంది కానీ కావలసినప్పుడు కావలసినది ఉండదు. వాటిని విడదీయండి.

ప్రతి సరుకుకూ కొలమానం ఒక్కటే ఉండాలి. కేబుల్‌ను చుట్టల్లో కొని మీటర్లలో ఇస్తే, పుస్తకంలో మీటర్లే రాయాలి. బోల్టులు పెట్టెల్లో వచ్చి విడిగా పోతుంటే పుస్తకంలో ఉండవలసినది సంఖ్య. నేను చూసిన పెద్ద పెద్ద తేడాల్లో చాలావరకు ‘1’ అని రాసిన చోట అది ఒక పెట్టెనా, ఒక నగమా అన్న దగ్గర పుట్టినవే.

మెట్టు 2: ఏడాది వాడకం విలువ కట్టండి

ఎక్సెల్‌లో గాని, గళ్ల కాగితం మీద గాని నాలుగు గడులు గీయండి. సరుకు పేరు, గత 12 నెలల్లో వాడినది, ఒక్కొక్కదాని ధర, ఆ రెండిటి గుణింతం. ఆ గుణింతమే మనకు కావలసిన విలువ.

ఇక్కడ కొత్తవాళ్లు రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, ధర ఎక్కువ ఉన్నదే ముఖ్యమనుకోవడం. రెండోది, లెక్కకు ఎక్కువగా పోయేదే ముఖ్యమనుకోవడం. 2,900 రూపాయల స్టార్టరు పెట్టె ఏడాదికి పన్నెండు పోతుంది. రెండు రూపాయల బోల్టులు ఆరు వేలు పోతాయి. రెండూ మన డబ్బులో చిన్న భాగమే. ధరా వాడకమూ కలిస్తేనే విలువ.

వాడకానికి నిండు ఏడాదే తీసుకోండి. బోరు మోటార్ల పని ఎండాకాలంలో ఉధృతంగా ఉండి వానలు పడగానే తగ్గుతుంది. మూడు నెలల లెక్క పట్టుకుంటే వర్గాలు తలకిందులవుతాయి. ధరగా సగటు కొనుగోలు ధర తీసుకోవచ్చు. జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి పొందేవాళ్లు ఆ పన్ను కలపకుండా ధర వేయాలి, ఎందుకంటే తిరిగి వచ్చే పన్ను సరుకు ఖరీదులో భాగం కాదు. అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-2 కూడా నిల్వల ఖరీదును అలాగే కట్టమంటుంది.

మెట్టు 3: విలువ క్రమంలో పేర్చి గీతలు గీయండి

పెద్ద విలువ పైన, చిన్నది కింద ఉండేలా పేర్చండి. పైనుంచి ఒక్కొక్క విలువా కలుపుతూ వచ్చి, ఆ కూడికను మొత్తంతో భాగించి శాతం వేయండి. పద్ధతి తెలియడానికి పన్నెండు సరుకులతో ఒక చిన్న పట్టిక ఇది. ధరలు లెక్క కోసం వేసుకున్నవి.

| సరుకు | ఏడాది వాడకం | ధర రూ. | విలువ రూ. | కూడిక శాతం | వర్గం |
|---|---|---|---|---|---|
| రాగి వైండింగ్ తీగ | 620 కిలోలు | 950 | 5,89,000 | 32.2 | ఎ |
| సబ్‌మెర్సిబుల్ కేబుల్ | 9,000 మీటర్లు | 62 | 5,58,000 | 62.6 | ఎ |
| స్టాంపింగు రేకుల కట్ట | 240 | 1,150 | 2,76,000 | 77.7 | ఎ |
| ఇంపెల్లర్ | 1,400 | 85 | 1,19,000 | 84.2 | బి |
| బేరింగ్ 6205 | 520 | 160 | 83,200 | 88.7 | బి |
| మెకానికల్ సీల్ | 300 | 190 | 57,000 | 91.8 | బి |
| కెపాసిటర్ | 450 | 110 | 49,500 | 94.5 | బి |
| స్టార్టరు పెట్టె | 12 | 2,900 | 34,800 | 96.4 | సి |
| వార్నిష్ | 90 లీటర్లు | 320 | 28,800 | 98.0 | సి |
| ఇన్సులేషన్ కాగితం | 40 కిలోలు | 420 | 16,800 | 98.9 | సి |
| బోల్టులు | 6,000 | 2 | 12,000 | 99.6 | సి |
| ఓ-రింగులు | 2,500 | 3 | 7,500 | 100 | సి |

మొత్తం 18,31,600 రూపాయలు. మొదటి మూడు సరుకులే అందులో నూటికి 77 పైన మింగేశాయి. చివరి ఐదూ కలిపి ఆరు శాతం కూడా లేవు.

సాధారణంగా 80 శాతం చుట్టుపక్కల ఎ వర్గానికి గీత గీస్తారు, 95 చుట్టుపక్కల బి వర్గానికి. ఆ అంకెలు రాతిమీద చెక్కినవి కావు. పట్టిక చదువుతూ వస్తే విలువ ఒక్కసారిగా పడిపోయే చోటు కనిపిస్తుంది. పై పట్టికలో స్టాంపింగు 2,76,000 అయితే దాని కిందిది 1,19,000. గీత అక్కడే గీయాలి. 80 చేరలేదని ఇంపెల్లర్‌ను పైకి లాగనక్కరలేదు.

మెట్టు 4: పట్టిక చెప్పనిది మీరు చెప్పండి

వాడకం విలువ ఒక్కటే పట్టుకుంటే కొన్ని సరుకులు తప్పు వర్గంలో పడతాయి. పట్టికను స్టోర్స్ మనిషి, వర్క్‌షాపు మేస్త్రీ, లెక్కలు రాసే మనిషి కలిసి కూర్చుని ఒకసారి చదవాలి. ఏ సరుకునైనా పైవర్గానికి ఎత్తవచ్చు. దించవద్దు.

మొదట చూడవలసినవి కదలని నిల్వలు. పాత మోడల్ పంపు భాగాలు రెండు లక్షల రూపాయలవి ర్యాకులో పడి ఉన్నాయనుకుందాం. ఏడాదిలో ఒక్కటీ పోలేదు. వాడకం విలువ సున్నా కాబట్టి అవి సి వర్గం అట్టడుగుకు పోతాయి. కానీ బ్యాలెన్స్ షీటులో రెండు లక్షలుగా కూర్చుని ఉన్నాయి. లెక్క సరిగా ఉంచడమే మన పని కనుక ప్రతి సరుకుకూ రెండు విలువలు చూడాలి. ఒకటి ఏడాది వాడకం విలువ, రెండోది ఇప్పుడు చేతిలో ఉన్న నిల్వ విలువ. రెండిటిలో ఏది పైవర్గం చూపిస్తే ఆ వర్గంలో పెట్టండి. ఈ సంగతి చాలా పాఠాల్లో చెప్పరు. వర్గాల పద్ధతిని కొనుగోళ్ల ప్రణాళికకు వాడేటప్పుడు వాడకం విలువ చాలు, నిల్వ లెక్కకు మాత్రం చాలదు.

తర్వాత చెయ్యి జారే సరుకులు. రాగి, ఇత్తడి తుక్కు, చిన్న బేరింగులు, పనిముట్లు బయట ఎక్కడైనా అమ్ముడుపోతాయి. ఇవి బిలో ఉంటే ఎకు, సిలో ఉంటే బికి ఎత్తండి. రాగి తుక్కును సరుకుల జాబితాలోకే ఎక్కించనివాళ్లు చాలామంది ఉన్నారు. దానికీ కోడు ఉండాలి, దాన్నీ తూచాలి.

మూడోది, లేకపోతే పని ఆగిపోయేవి. మూడు రూపాయల ఓ-రింగు లేక ఒక మోటారు కూర్పు ఆగితే రైతు పొలంలో నీళ్లు ఆగుతాయి. ఆసుపత్రుల మందుల స్టోర్స్‌లో ఈ చూపుకు వి-ఇ-డి అని వేరే వర్గీకరణే ఉంది. ప్రాణావసరం, అవసరం, ఉంటే మంచిది అని మందులను మూడుగా విడదీసి, ఎ-బి-సితో కలిపి చూస్తారు. చవకైన మందైనా ప్రాణం నిలిపేదైతే ఖరీదైన మందులతో సమానంగా పైవరుసలో ఉంటుంది. మన దగ్గర అంత పట్టిక అక్కరలేదు. పని ఆపేసే సరుకుల పక్కన ఒక చుక్క పెట్టి, సి అయితే బికి ఎత్తితే సరిపోతుంది.

మెట్టు 5: లెక్కింపు క్యాలెండరు వేయండి

ఎ వర్గం నెలకు ఒకసారి, బి వర్గం మూడు నెలలకు ఒకసారి, సి వర్గం ఆరు నెలలకు ఒకసారి. ఇది ఎక్కువమంది పాటించే వరస. మీ దగ్గర 800 రకాల సరుకులున్నాయనుకోండి. అందులో ఎ 80, బి 200, సి 520. ఏడాదికి ఎ లెక్కింపులు 960, బి 800, సి 1,040. మొత్తం 2,800. పనిదినాలు 280 అనుకుంటే రోజుకు పది సరుకులు. అరగంట పని, కష్టమైన రోజున గంట. అన్నిటినీ నెలనెలా లెక్కించాలనుకుంటే రోజుకు 34 వస్తాయి, వారం తిరిగేసరికి ఆగిపోతుంది.

రోజూ ఆ పదిలో మూడు వర్గాలవీ కలిసి ఉండాలి. ఫలానా రోజున ఫలానా సరుకు లెక్కిస్తారని ర్యాకు దగ్గర తిరిగేవాళ్లకు ముందే తెలియకూడదు. జాబితా ఒకరి దగ్గరే ఉండి, ఏ రోజుకు ఆ రోజు ఉదయం బయటికి రావాలి.

క్యాలెండరులో లేకున్నా లెక్కించవలసిన సందర్భాలు మూడు ఉన్నాయి. నిల్వ సున్నాకు లేదా దాదాపు సున్నాకు వచ్చినప్పుడు లెక్కించండి, రెండు నిమిషాల్లో అయిపోతుంది. పుస్తకంలో నిల్వ సున్నా కన్నా కిందికి కనిపిస్తే వెంటనే లెక్కించండి, అక్కడ తప్పు ఉన్నట్టు తేలిపోయింది. పుస్తకంలో ఉండి ర్యాకులో లేదని మేస్త్రీ చెబితే ఆ రోజే లెక్కించండి. ఇక మార్చి మొదలయ్యేలోపు ఎ వర్గాన్ని ఒకసారి పూర్తిగా చూసుకోవడం బోరు పనివాళ్లకు మేలు. ఎండలు ముదిరాక తలెత్తే తీరిక ఉండదు.

మెట్టు 6: లెక్కించే రోజున

స్టోర్స్ తెరవకముందు అరగంట దీనికి మంచి సమయం. మొదట నిన్నటి వరకు వచ్చిన చలాన్లు, సరుకు ఇచ్చేటప్పుడు రాసిన ఇష్యూ స్లిప్పులు అన్నీ పుస్తకంలోకి ఎక్కాయో లేదో చూడండి. ఎక్కకుండా ఒక్క స్లిప్పు బల్ల సొరుగులో ఉండిపోయినా, లేని తేడా పుడుతుంది. లెక్క ముగిసేవరకు ఆ పది సరుకులు కదలకూడదు.

లెక్కించేవారికి ఇచ్చే కాగితం మీద సరుకు పేరు, కోడు, ఉండే చోటు, కొలమానం మాత్రమే ఉండాలి. పుస్తకంలో ఎంత ఉందో రాయకండి. 84 ఉండాలని తెలిసిన మనిషి 82 లెక్కపెట్టగానే ఇంకో రెండు ఎక్కడో ఉంటాయిలే అని 84 వేస్తాడు. దురుద్దేశం ఏమీ ఉండదు, కళ్లే అలా మోసపోతాయి. ఇద్దరు లెక్కించాలి, అందులో ఒకరు స్టోర్స్‌కు బయటివారైతే మంచిది.

ఒక సరుకు ఒక్క చోటే ఉంటుందని నమ్మవద్దు. అసలు ర్యాకు, వైండింగ్ బల్ల కింద, పరీక్ష కోసం పక్కన పెట్టినవి, బయటివాళ్ల చేత పని చేయించడానికి (జాబ్ వర్క్‌కు) పంపినవి, కస్టమర్ తిరిగి ఇచ్చినవి, ఇవన్నీ చూడాలి. జాబ్ వర్క్‌కు పోయిన సరుకు మీ పుస్తకంలోనే ఉంటుంది. చలాన్ పట్టుకుని అక్కడికి పోయి చూడాలి. జీఎస్టీ చట్టం ప్రకారం అలా పంపిన ముడిసరుకు ఏడాదిలోపు తిరిగి రావాలి లేదా అక్కడినుంచే అమ్ముడుపోవాలి కాబట్టి, ఈ లెక్క అటు గడువు చూసుకోవడానికీ పనికొస్తుంది.

ఒక్కో సరుకును ఒక్కో తీరున లెక్కించాలి. నేను నేర్చుకున్నవి కొన్ని:

రాగి తీగ. ఒక రీలులో తీగ అయిపోయాక ఖాళీ రీలును తూచి, ఆ బరువును చెరగని రంగుతో రీలు అంచు మీదే రాయండి. అదే కంపెనీ తయారీ రీళ్లన్నీ దాదాపు ఒకే బరువు ఉంటాయి, కొత్త వాటి మీదా అదే రాయవచ్చు. అప్పటినుంచి ఎవరు తూచినా రీలు బరువు తీసేయడం మరిచిపోరు. కాటాను లెక్కకు ముందు తూకపు రాయితో సరిచూసుకోవాలి.

కేబుల్. చాలా రకాల కేబుళ్ల తొడుగు మీద మీటరు మీటరుకూ అంకె ముద్రించి ఉంటుంది. పై కొస దగ్గరి అంకె, లోపలి కొస దగ్గరి అంకె చూసి తీసివేస్తే మిగిలిన పొడవు. చుట్ట విప్పనక్కరలేదు. లోపలి కొస అంకెను చుట్ట వచ్చినప్పుడే ఒక చీటీ మీద రాసి కట్టేస్తే తర్వాత వెతుక్కోనక్కరలేదు.

బోల్టులు, వాషర్లు. ఒక వంద లెక్కపెట్టి తూచండి. వంద 1.6 కిలోలు తూగి, మొత్తం 23.2 కిలోలు ఉంటే 1,450 బోల్టులు. సి వర్గానికి ఇంతకన్నా నిక్కచ్చి అవసరం లేదు.

బేరింగులు. పెట్టె మీది అంకెను నమ్మకుండా తెరిచి చూడండి. ఖాళీ పెట్టెను తిరిగి ర్యాకులోనే పెట్టే అలవాటు ప్రతి వర్క్‌షాపులోనూ ఉంటుంది. మూత ఇనుపదా, రబ్బరుదా కూడా చూడండి.

మెట్టు 7: తేడా వచ్చాక

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టవలసిన మెట్టు ఇది, జనం ఎక్కువగా దాటేసేదీ ఇదే. తేడా కనబడగానే కంప్యూటర్‌లో అంకె మార్చేసి సరిపోయిందనుకుంటారు. అంకె మార్చితే ఆనాటి పుస్తకం మాత్రమే సరవుతుంది. తేడా పుట్టించిన అలవాటు అలాగే ఉండి వచ్చే నెల మళ్లీ అంతే తేడా తెస్తుంది. మా రాగి విషయంలో 18 కిలోలు తీసేసి ఊరుకుని ఉంటే, మరుసటి ఏడాది మళ్లీ అంతే తగ్గేది. అప్పుడు ఆ కుర్రవాడి ఉద్యోగం నిలిచేది కాదు.

ఎంత తేడాను పట్టించుకోవాలో ముందే రాసుకోండి. పాఠ్యపుస్తకాల్లో తరచుగా కనిపించే కొలత ఎ వర్గానికి 0.2 శాతం, బి వర్గానికి 1 శాతం, సి వర్గానికి 5 శాతం. నా అనుభవంలో నగాలుగా లెక్కించే ఎ సరుకుకు తేడా సున్నాయే ఉండాలి. తూకంతో, కొలతతో లెక్కించే వాటికి మాత్రమే శాతం ఇవ్వాలి, అదీ మీ కాటా ఎంత సన్నగా చూపగలదో చూసి.

హద్దు దాటిన తేడా వస్తే మొదట వేరే మనిషితో మళ్లీ లెక్కించండి. అప్పటికీ తేడా ఉంటే, ఆ సరుకు చివరిసారి సరిపోయిన రోజు నుంచి ఈ రోజు వరకు లావాదేవీలన్నీ పరచుకుని కూర్చోండి. నెలనెలా లెక్కించడంలోని అసలు లాభం ఇక్కడే తెలుస్తుంది. ఏడాది కాగితాలు తిరగెయ్యనక్కరలేదు, ఒక నెలవి చాలు. జరిగినది మనుషులకు ఇంకా జ్ఞాపకం ఉంటుంది.

వెతకడానికి ఒక వరస ఉంది. మొదట కాలం తేడా, అంటే సరుకు వచ్చి పుస్తకంలో ఎక్కనిది, పోయినట్టు పుస్తకంలో ఎక్కి సరుకు ఇంకా పోనిది. తర్వాత కొలమానం తేడా. తేడా సరిగ్గా ఒక పెట్టె పరిమాణంలోనో, పదింతల్లోనో ఉంటే అదే కారణమని దాదాపు తేలినట్టే. ఆ తర్వాత జంట సరుకు. 6205 జెడ్‌జెడ్ పన్నెండు తగ్గితే 2ఆర్‌ఎస్‌లో పన్నెండు ఎక్కువ ఉన్నాయేమో చూడండి. ఒకదాని స్లిప్పు మీద ఇంకోటి ఇచ్చి ఉంటారు. నాలుగోది తిరిగి వచ్చినవి, వారంటీలో మార్చి ఇచ్చినవి. వీటికి బిల్లు ఉండదు కాబట్టి స్లిప్పు కూడా రాయరు. అయిదోది వాడకం కొలత. ఈ నెలలో కట్టిన మోటార్లను, ఒక్కో మోటారుకు నిర్ణయించిన రాగితో గుణించి, ఇష్యూ చేసిన రాగితోనూ తుక్కుతోనూ పోల్చండి. కొలతే తప్పై ఉండవచ్చు. ఇవన్నీ అయ్యాకే చెడిపోవడం, పోవడం, దొంగతనం అన్న మాట రావాలి. ఈ వరస ఏమైనా మార్చుకోండి గాని, చివరి మాటను మొదటికి తేవద్దు.

దొరికిన ప్రతి కారణాన్నీ ఒక రిజిస్టరులో తేదీ, సరుకు, తేడా, కారణం, సరిచేసిన తీరు అని రాయండి. మూడు నెలల తర్వాత ఆ రిజిస్టరు తిప్పితే ఏ కారణం ఎన్నిసార్లు వచ్చిందో కనిపిస్తుంది. సగం తేడాలు తిరిగి వచ్చిన సరుకు దగ్గరే వస్తుంటే, తిరుగు స్లిప్పుకు వేరే రంగు పుస్తకం పెట్టడం లాంటి చిన్న మార్పు సరిపోతుంది.

కారణం దొరికినా, వెతికి దొరకకపోయినా, చివరికి పుస్తకం ర్యాకుకు సరిపోవాలి. సవరణ రాసే మనిషి, అనుమతించే మనిషి వేరువేరుగా ఉండాలి. స్టోర్స్ చూసేవారే సవరణకు అనుమతి ఇచ్చుకోకూడదు. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ వాడేవాళ్లకు భౌతిక నిల్వ నమోదుకు ‘ఫిజికల్ స్టాక్’ అనే వోచరు ఉంది. దాని వివరణ గడిలో కారణం తప్పక రాయండి.

మెట్టు 8: కచ్చితత్వాన్ని కొలవండి

నెలాఖరున ఒక లెక్క వేయండి. లెక్కించిన సరుకుల్లో హద్దులోపల సరిపోయినవి ఎన్ని? నలభై లెక్కిస్తే ముప్పై నాలుగు సరిపోతే కచ్చితత్వం 85 శాతం. వర్గాల వారీగా వేరువేరుగా వేయాలి. సి వర్గం ఎక్కువ కాబట్టి అన్నీ కలిపితే ఎ వర్గంలోని తప్పులు దాగిపోతాయి.

రూపాయల్లో కొలిచేటప్పుడు ఒక వల ఉంది. కేబుల్‌లో 9,600 రూపాయల సరుకు ఎక్కువ, స్టాంపింగులో 9,400 రూపాయల సరుకు తక్కువ వచ్చిందనుకోండి. కలిపితే తేడా 200 రూపాయలే. యజమానికి ఆ 200 చూపించి లెక్క అద్భుతంగా ఉందనవచ్చు. కానీ రెండు ఎ వర్గం సరుకులూ తప్పే. ఎక్కువను తక్కువలోంచి తీసేయకుండా రెండిటినీ కలిపి 19,000 రూపాయల తేడా అని చూపించండి.

ఎ వర్గంలో వరుసగా మూడు నెలలు 98 శాతం దాటేవరకు లెక్కింపును పలచన చేయవద్దు. మొదటి నెలలో 60 వచ్చినా భయపడనక్కరలేదు. అంతకుముందు కూడా అంతే ఉండేది, తెలియలేదంతే.

మెట్టు 9: పన్ను, ఆడిట్, బ్యాంకు

కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 35వ సెక్షన్ నిల్వ లెక్కలు ఉంచమంటుంది. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద స్థిర రేటున పన్ను కట్టే పద్ధతి) లేనివాళ్లు ప్రారంభ నిల్వ, వచ్చినది, పోయినది, పాడైనది, దొంగిలించబడినది, పుస్తకాల్లోంచి రద్దు చేసినది, తుక్కు, మిగులు అన్నీ చూపాలి. పోయిన, దొంగతనానికి గురైన, నాశనమైన, రద్దు చేసిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ 17(5) సెక్షన్ ప్రకారం నిలవదు, వెనక్కి కట్టాలి. అందుకే తేడాను ‘రద్దు’ అని రాసేముందు మీ అకౌంటెంట్‌తో మాట్లాడండి. కోడు తారుమారైనందువల్ల వచ్చిన తేడా వేరు, నిజంగా పోయిన సరుకు వేరు. రిజిస్టరులో మీరు రాసిన కారణమే అక్కడ ఆధారం.

కంపెనీలకు 2020 నాటి ఆడిట్ నివేదిక ఉత్తర్వు వర్తించే చోట, తగినంత కాలానికొకసారి నిల్వలను భౌతికంగా సరిచూశారా, ఏ తరగతి నిల్వలోనైనా మొత్తం మీద 10 శాతం లేదా అంతకుమించి తేడా వచ్చిందా, వస్తే పుస్తకాల్లో సరిచేశారా అని ఆడిటరు చెప్పాలి. నిల్వలు, మనకు రావలసిన బకాయిలు తాకట్టుగా 5 కోట్లు దాటిన వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడపడానికి తీసుకునే అప్పు) పరిమితి ఉంటే, బ్యాంకుకు ఇచ్చిన త్రైమాసిక స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోయాయా అన్నదీ చెప్పాలి. చిన్న సంస్థలకు ఈ ఉత్తర్వు వర్తించకపోయినా, క్యాష్ క్రెడిట్ తీసుకున్నవాళ్లు బ్యాంకుకు స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తారు, డ్రాయింగ్ పవర్ (ఖాతా నుంచి ఎంత అప్పు వాడుకోవచ్చో ఆ హద్దు) దాని మీదే నిలుస్తుంది. లెక్కింపు కాగితాలు సంతకాలతో సహా ఫైలులో ఉంచండి. జీఎస్టీ కింద పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి, ఈ కాగితాలనూ వాటితోపాటే పెట్టండి.

మెట్టు 10: వర్గాలను తిరగరాయడం

ఏడాదికి ఒకసారి పట్టిక మొదటినుంచి వేయండి. మధ్యలో రాగి ధర బాగా పెరిగినా తగ్గినా, కొత్త మోడల్ మొదలైనా, ఆ సరుకులను మాత్రం అప్పుడే చూడండి. కొత్త సరుకుకు గతం ఉండదు కాబట్టి, వేసుకున్న అంచనాతో ఒక వర్గంలో పెట్టి ఆరు నెలలకు తిరిగి చూడాలి. వర్గం మారినప్పుడు బిన్ కార్డు (ర్యాకు దగ్గర సరుకు రాకపోకలు రాసే కార్డు) మీది అక్షరం కూడా మార్చండి. కార్డు పైమూలన ఎర్ర సిరాతో పెద్ద ‘ఎ’ ఉంటే కొత్తగా వచ్చిన కుర్రవాడు కూడా అక్కడ చెయ్యి పెట్టేముందు స్లిప్పు అడుగుతాడు.

ఎనిమిది వందల సరుకులు, పది మెట్లు చూసి ఇప్పుడే అంతా మొదలుపెట్టాలా అనిపిస్తే, మొదటి రెండు నెలలు పట్టికలో పైనున్న ఎనభై సరుకులే పట్టుకోండి. రోజుకు నాలుగు. రీళ్ల మీద బరువులు రాయడం, కేబుల్ చుట్టలకు చీటీలు కట్టడం మాత్రం రేపు ఉదయమే చేయవచ్చు.